ఇరవై రెండున్నర సెంటీమీటర్లు

వంటింటి గోడకు మడమ ఆనించి, నేల మీద పరిచిన పాత క్యాలెండర్ కాగితం మీద కుడికాలు మోపి, వంగి బొటనవేలి చివర పెన్సిల్‌తో చిన్న గీత గీసింది నవత. గీత పూర్తి కాకముందే కుక్కర్ మూడో విజిల్ వేసింది. వంగిన మనిషి వంగినట్టే ఉండి, చెయ్యి మాత్రం పైకి చాచి స్టవ్ కట్టేసింది.

"ఏం జేస్తున్నవ్ కింద?" హాల్లోంచి దేవేందర్ అడిగాడు. ఆఫీసుకు తయారై టిఫిన్ కోసం టేబుల్ ముందు కూర్చున్నాడు.

"కాలు కొలుస్తున్న. చెప్పులకు."

"చెప్పులకు కొలతలేంది? షాపుకు పోయి ఏసుకుంటే అయిపోతది గద."

నవత ఉప్మా తెచ్చి పెట్టింది. ఆ ఇంట్లో అందరి కొలతలూ ఆమెకు నోటికి వచ్చు. భర్త చొక్కా నలభై రెండు, బూటు తొమ్మిది. అత్తగారు సారలమ్మ జాకెట్టు చెయ్యి పదకొండు అంగుళాలు. వరంగల్ హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్న కూతురి కుర్తా ఎంత వదులుండాలో, ఏ గుడ్డ అయితే దురద పెడుతుందో కూడా తెలుసు. తన చెప్పులు మాత్రం తార్నాక చౌరస్తాలో బండి మీద ఏవి దొరికితే అవే. పెద్దవైతే వేళ్ళు ముడుచుకుని నడిచేది, చిన్నవైతే మడమ వెనక్కి వదిలేసి నడిచేది. ఆ పొద్దున దేవేందర్ స్కూటరు సందు మలుపు తిరిగాక కూతురి పాత స్కేలు తెచ్చి గోడ నుంచి గీత దాకా కొలిచింది. ఇరవై రెండున్నర సెంటీమీటర్లు. మళ్ళీ కొలిచింది. అంతే. ఆ కాగితాన్ని మడిచి, హ్యాండ్‌బ్యాగులో ఎవరూ చూడని లోపలి అరలో పెట్టుకుంది. కాలు కొలుచుకోవడం కూడా దొంగతనమే అయినట్టు.

ఆ కొలత అడిగింది ఆస్ట్రియాలో ఉన్న ఒక దుకాణం. నవత ఆ దుకాణాన్ని ఫోన్లో తప్ప చూడలేదు. అక్కడ మంచు మీద జారే స్నోబోర్డులు, వాటికి బిగించుకునే బూట్లు, లోపల మెత్త కుట్టిన చేతితొడుగులు అమ్ముతారు.

తార్నాకలో ఉండి, యూనివర్సిటీ క్యాంపస్‌లో భూగోళశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్‌కు, నలభై రెండేళ్ళ మనిషికి మంచు బూట్లెందుకు? ఆ ప్రశ్న ఎవరూ అడగకముందే నవత తనను తాను వందసార్లు అడుక్కుంది. పదమూడేళ్ళుగా హిమానీనదాల పాఠం చెబుతూ పోయిన ఏడాది దాకా ఆమె మంచును కళ్ళతో చూడలేదు. పోయిన జనవరిలో విద్యార్థులను కశ్మీరు తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు విభాగాధిపతి ఉమాపతిగారు పిలిచి, "ఆడపిల్లలున్నారు కదమ్మా, మీరు వెంట ఉంటే మాకు నిశ్చింత" అన్నారు. అంటే కాపలాకు వెళ్ళింది. గుల్‌మార్గ్‌లో పిల్లలు అద్దెకు బోర్డులు తీసుకుని జారుతుంటే పదిమంది సంచులు, స్వెట్టర్లు మోస్తూ పక్కన నిలబడింది. ఒక పిల్ల వచ్చి సంచులన్నీ లాక్కుని, "మేడమ్, ఒక్కసారి మీరూ ఎక్కండి, ఫోటో తీస్తం" అంది.

నేర్పే అతను ఆమెను నిలబెట్టి, వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసి ఉన్నట్టుండి చిన్నగా తోశాడు. ఆమె తూలి కుడికాలు ముందుకు వేసింది. "అయితే మీకు కుడికాలు ముందు," అన్నాడతను హిందీలో. "చాలామందికి ఎడమది." పడబోతే ఏ కాలు ముందు పడుతుందో అన్న సంగతి, తన గురించి తనకే తెలియని సంగతి, ఎవరో ఒక కొత్త మనిషి అర నిమిషంలో కనిపెట్టాడు. ఆ తర్వాత ఆమె చాలాసార్లు పడింది. వెనక్కి పడింది, మోకాళ్ళ మీద పడింది, నోట్లోకి మంచు పోయేలా బోర్లా పడింది. ఫోటో తీస్తానన్న పిల్లకు విసుగొచ్చి వెళ్ళిపోయింది. మూడోరోజు సాయంత్రం ఒక్కసారి మాత్రం పడలేదు. బోర్డు కింద మంచు సన్నగా గీసుకుంటూ, చెవుల్లో గాలి తప్ప మరో చప్పుడు లేకుండా, కొండ వాలు వెంట ఇరవై సెకన్లు జారింది. ఆ ఇరవై సెకన్లు ఎవరికి ఏం కావాలో ఆమెకు గుర్తు రాలేదు. పెళ్ళయ్యాక అంతసేపు అలా ఉండడం అదే మొదలు.

అద్దె బూట్లు మగవాళ్ళ కొలతవి. లోపల రెండు జతల సాక్సులు వేసుకున్నా పాదం కదిలింది, చీలమండ వాచింది. ఇంటికొచ్చాక నెలరోజులు కుంటింది. దేవేందర్ చుట్టాలందరికీ అది చెప్పాడు. "మా మేడమ్ ఈ వయసుల జారుడుబండ ఆడనీకె పోయింది." అందరూ నవ్వారు. కుంటుకుంటూ అందరికీ చాయ్ ఇస్తూ నవత కూడా నవ్వింది. కాలి నొప్పి నెలకు తగ్గింది. తను కూడా నవ్వానన్నది మాత్రం ఇప్పటికీ ఎక్కడో గుచ్చుతుంది.

ఈసారి ఫిబ్రవరి పది నుంచి ఇరవై నాలుగు దాకా గుల్‌మార్గ్‌లోనే ఒక శిక్షణా సంస్థలో కోర్సు ఉందని తెలిసి ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. సీటు వచ్చింది. బోర్డు వాళ్ళే ఇస్తారు, చిన్న పాదాలకు బూట్లు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవడం మంచిదని ఉత్తరంలో ఉంది. నగరంలో క్రీడా సామగ్రి దుకాణానికి వెళితే సేల్స్‌మన్ కొండలెక్కే బూట్లు చూపించి, "స్నోబోర్డా మేడమ్? హైదరాబాద్‌లనా?" అని పక్కనున్నతని వైపు చూశాడు. ఢిల్లీ దుకాణాలకు ఫోన్ చేస్తే అన్నీ మగవాళ్ళ కొలతలే. అలా విదేశీ వెబ్‌సైట్ల దగ్గరికి చేరింది. స్టాఫ్‌రూంలో జవాబు పత్రాల కట్ట ముందు పెట్టుకుని, ఫోన్లో ఎవరో నార్వే ఆవిడ, ఎవరో జపాన్ ఆవిడ తమ బూట్ల గురించి రాసుకున్నవి చదివేది. వేళ్ళు ముందు అంచుకు ఆనీ ఆనకుండా ఉండాలట. మోకాలు వంచినప్పుడు మడమ పైకి లేవకూడదట. అంత దూరం నుంచి తెప్పించాక సరిపోకపోతే వెనక్కి పంపడం అయ్యే పని కాదు. లోకంలో ఎక్కడెక్కడో ఉన్న ఆడవాళ్ళు మడమల గురించి అంత శ్రద్ధగా రాసుకోవడం ఆమెకు వింతగానూ, కాస్త కన్నీళ్ళొచ్చేలాగానూ ఉండేది.

మొదటిసారి కార్డు నంబరు కొట్టినప్పుడు ఓటీపీ ఆమెకు రాలేదు. రెండు నిమిషాల్లో దేవేందర్ ఫోన్ చేశాడు.

"నీ కార్డు మీద ఎవడో ఫారిన్‌ల ఏదో కొంటున్నడు. ఎవరన్న అడిగితే నంబర్ చెప్పకు. నేను బ్లాక్ చేపిస్త."

"మంచిది," అంది నవత. ఆ మాట అన్నందుకు చాలాసేపు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె జీతం పడే ఖాతాకు పన్నెండేళ్ళుగా భర్త ఫోన్ నంబరే ఉంది. 'నీకెందుకు ఆ తిప్పలు' అని అతనే పెట్టించాడు, ప్రేమగానే పెట్టించాడు. మర్నాడు క్లాసు అయ్యాక బ్యాంకుకు వెళ్ళింది. కౌంటర్లో మనిషి ఫారం చూసి, "సార్ నంబరే ఉండనీయండి మేడమ్, మెసేజీలు సారే చూసుకుంటారు కదా" అన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు వింటున్నారు. అయినా నవత కదలకుండా నిలబడింది. ఏం అనాలో తెలియక ఏమీ అనకుండా నిలబడితే అతనే చివరికి ఫారం తీసుకున్నాడు. కొత్త కార్డు వచ్చిన రోజే ఆర్డరు పెట్టింది. బూట్లు, తొడుగులు, పడినప్పుడు తుంటికి దెబ్బ తగలకుండా లోపల వేసుకునే మెత్తల నిక్కరు. చిరునామా డిపార్ట్‌మెంటుది ఇచ్చింది.

సెలవు అడగడానికి వెళితే ఉమాపతిగారు అద్దాల మీదుగా చూశారు.

"రెండు వారాలా? ఇంట్లో ఏదన్నా ఫంక్షనా అమ్మా?"

"అవునండీ."

"అలా అయితే సరే. జీతం లేని సెలవు పెట్టుకోండి. ఇంటి పనులు తప్పవు కదా."

ఆ అబద్ధం నోటి నుంచి ఎంత సులువుగా జారిందో చూసి బయట వరండాలో కాసేపు ఆగిపోయింది. ఆడపడుచు గృహప్రవేశం, మరిది నిశ్చితార్థం అంటే ఎవరూ మారు మాట్లాడరు. నాకోసం అంటే మాత్రం వివరం చెప్పాలి, ఆ వివరానికి ఎవరో ఒకరు నవ్వాలి.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు పార్సెల్ ఎక్కడుందో చూడడమే పని అయింది. పాలు కాగేలోపు ఒకసారి, క్యాంపస్ గేటు దాటుతూ ఒకసారి, హాజరు పిలవబోతూ ఒకసారి. వియన్నా వదిలింది. ఢిల్లీ చేరింది. కస్టమ్స్‌లో ఆగింది. మూడురోజులు కదల్లేదు. నాలుగోరోజు కొరియర్ కంపెనీ నుంచి ఫోన్. "మేడమ్, మీ ఆధార్ మీద ఇంటి అడ్రసుంది, పార్సెల్ మీద కాలేజీ అడ్రసుంది. రెండూ కలవకపోతే వదలరంటున్నారు. ఇంటి అడ్రసుకు మార్చమంటారా, వాపస్ పంపించెయ్యమంటారా?" ఒక్క క్షణం 'వాపస్ పంపించండి' అనడమే హాయి అనిపించింది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, ఏమీ జరగనట్టే ఉంటుంది.

"మార్చండి," అంది.

పార్సెల్ ఇంటికి వచ్చేరోజు సెలవు పెట్టి తనే అందుకోవాలనుకుంది. కానీ ఆ రోజే పరీక్ష హాల్లో డ్యూటీ పడింది. లోపలికి ఫోన్లు తేకూడదు. మూడుగంటలు పిల్లల వరుసల మధ్య అటూ ఇటూ తిరిగింది. ఎవరు అదనపు కాగితం అడిగారో వినబడలేదు, ఒక పిల్లకు రెండుసార్లు ఇచ్చింది. బయటికొచ్చి ఫోన్ తీసేసరికి తెర మీద ఉంది: అందింది. తీసుకున్నవారు, సారలమ్మ.

క్యాంపస్ గేటు నుంచి ఇంటిదాకా ఎలా నడిచిందో ఆమెకు తెలియదు. దారి పొడవునా ప్రశ్నలు, వాటికి తను చెప్పబోయే జవాబులు. 'ఎవరికివి, ఎందుకివి, మొగుడికి తెలుసా.' లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి పోయిన మామగారి ఫోటో కింద, హాల్లో నేల మీద కూర్చుని సారలమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కళ్ళలో శుక్లాలు, కాయను వేళ్ళతో తడిమి తడిమి తుంచుతోంది.

"వచ్చినవా. చాయ్ పెట్టు," అంది.

అంతే. పార్సెల్ మాటే లేదు. నవత చాయ్ పెట్టింది. బట్టలు తీసే నెపంతో మేడ మీద చూసింది, ఊడ్చే నెపంతో మంచాల కింద చూసింది, సజ్జ మీద చూసింది. ఎక్కడా లేదు. అడగాలంటే అది ఏమిటో చెప్పాలి. కొడుక్కి ఇచ్చిందా? అతను ఏం అనడం లేదంటే సరైన సమయం కోసం చూస్తున్నాడా, అందరి ముందూ విప్పి నవ్వించడానికి? రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. దేవేందర్ గొంతు సవరించుకున్నా ఆమె చేతిలో గరిటె ఆగేది. మూడోరోజు రాత్రి అన్నం తింటూ అతను నిజంగానే గొంతు సవరించుకున్నాడు.

"అమ్మ కంటి ఆపరేషన్ ఫిబ్రవరి పన్నెండుకు పెట్టిన. డాక్టర్‌తోని మాట్లాడిన. నువ్వు లీవు పెట్టుకో. పదిహేను రోజులు చుక్కలు ఏసేది ఉంటది."

నవత తల ఊపిందో లేదో ఆమెకే తెలియదు. ఫిబ్రవరి పన్నెండు. కోర్సు మొదలైన మూడోరోజు. ఆపరేషన్ అక్కర్లేదని ఎలా అంటుంది? అత్తగారికి నిజంగానే కనబడడం లేదు.

నాలుగోరోజు శనివారం. దేవేందర్ వారాసిగూడలో దోస్తు ఇంటికి వెళ్ళాడు. మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే సారలమ్మ పిలిచింది.

"నవతా, గీడ రా. తలుపు దగ్గరికెయ్యి."

సారలమ్మ తన మంచం పక్కనున్న ఇనుప సందుగ ముందు కూర్చుని ఉంది. అది ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టె. తాళం ఆమె నడుముకే ఉంటుంది, ఇంట్లో మరెవరూ దాన్ని ముట్టుకోరు. మూత తీసి, పాత చీరల కింద నుంచి అట్టపెట్టె బయటికి తీసింది. పెట్టె ఒక పక్క చింపి ఉంది.

"అక్షరాలు కనబడలే. చేతులు పెట్టి చూసిన," అంది సారలమ్మ. "బూట్లు. బయట రాయి తీరుగున్నయ్, లోపల గొర్రెబొచ్చు లెక్క మెత్తగున్నయ్. నీవేనా?"

"నావే అత్తమ్మా."

"అనుకున్న. దేవేందర్ పాదం గింత లేదు, గిది చిన్నపాదం. గిసొంటియి ఏసుకొని బజారుకైతే పోరు. దూరం పొయ్యేటోళ్ళే ఏసుకుంటరు. వాడికి చెప్దామనుకున్న. చెప్తే వాడు నిన్ను గట్టిగ అడుగుతడు, అడిగితే నువ్వు నిజంగనే పోతవేమో అని బుగులైంది. అందుకే లోపల పెట్టిన."

నవత ఆమె ముందు నేల మీద కూలబడింది. "నాలుగు రోజుల సంది పాణం పోతున్నది నాకు. ఒక్క మాట అడగరాదా?"

"నీది నాలుగు రోజులే. నాది ఏడాది." సారలమ్మ చేతులు బూటు మీదే ఉన్నాయి. "కశ్మీరు కాంచి వచ్చినప్పటి సంది నువ్వు గీ ఇంట్ల ఉన్నట్టు లేవు. అన్నం పెడ్తవు, మందులిస్తవు, పిలిస్తే పలుకుతవు. గాని ఈడ లేవు. కండ్లు పోయినోళ్ళకు గవి ఇంకా జల్ది తెలుస్తయ్."

కోర్సు సంగతి నవత మొదటిసారి నోరు తెరిచి ఒకరికి చెప్పింది. బోర్డు అంటే ఏమిటో చేతులతో చూపించింది. నవ్వుతుందేమోనని చూసింది. సారలమ్మ నవ్వలేదు. ఎంత పెట్టి కొన్నావనీ అడగలేదు, ఆడదానికి ఇదెందుకనీ అడగలేదు.

"మళ్ళొస్తవా బిడ్డా?" అంది.

నవత నోరు తెరిచింది. 'అదేం మాట అత్తమ్మా, పదిహేను రోజులే కద' అన్నది నాలుక చివర సిద్ధంగా ఉంది. కానీ బయటికి రాలేదు. శ్రీనగర్‌కు టికెట్ తీసుకుని ఇరవై రోజులైంది. వచ్చేందుకు తీసుకోలేదు. తర్వాత తీసుకుందాం, రేటు తగ్గుతుంది అని తనకు తనే చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ అబద్ధం తన కళ్ళ ముందే విడిపోయింది. తను పారిపోవాలనుకోలేదు. ఒట్టు, అనుకోలేదు. అనుకోకుండానే టికెట్ కొనడం మానేసింది. ఎదురుగా ఉన్న ముసలామె భయంలో ప్రేమ ఎంతో, రేపు చుక్కలు ఎవరు వేస్తారన్న బెంగ ఎంతో నవత విడదీయలేకపోయింది. బహుశా ఆ ముసలామెకు కూడా తెలియదు. ఇరవై ఏళ్ళు ఒకే వంటింట్లో తిరిగిన ఇద్దరి మధ్య అవి విడివిడిగా ఉండవేమో.

జవాబు రాకపోవడం సారలమ్మ విన్నది. కాసేపాగి బూట్లు ముందుకు తోసింది.

"ఏసుకో. పట్టినయో లేదో చూద్దాం."

నవత వేసుకుంది. బూటు పక్కనున్న చిన్న బిళ్ళ తిప్పితే లేసులకు బదులున్న సన్నటి తీగలు బిగుసుకున్నాయి. లేచి నిలబడి మోకాళ్ళు వంచింది. మడమ లేవలేదు. సారలమ్మ వంగి, బడికి పోయే పిల్లల బూట్లు చూసినట్టు, ముందు భాగంలో బొటనవేలితో గట్టిగా నొక్కి చూసింది.

"పట్టినయ్," అంది.

దేవేందర్ వచ్చేసరికి ఎనిమిదైంది. బూట్లు హాల్లో సోఫా పక్కనే ఉన్నాయి. నవత వాటిని దాచలేదు. దాచకుండా ఉండడానికి సాయంత్రమంతా వంటింట్లోంచి బయటికి రాకుండా చేతులు కట్టేసుకోవాల్సి వచ్చింది.

"ఎవరివి గివి?"

"నావి. స్నోబోర్డుకు. ఆస్ట్రియా నుంచి తెప్పించిన."

అతను నవ్వాడు. తల్లి వైపు చూశాడు. ఆమె నవ్వకపోయేసరికి కాస్త తగ్గాడు. నవత అన్నం వడ్డిస్తూ కోర్సు గురించి చెప్పింది. తారీఖులు కూడా సరిగ్గా చెప్పింది.

"పన్నెండుకు అమ్మ ఆపరేషన్ అని చెప్పిన గద."

"చెప్పిండ్రు. నన్ను అడగలే."

"మరి చుక్కలెవరు ఏస్తరు?"

"మీరు ఏస్తరు. కింది రెప్ప కొంచెం లాగి పట్టుకోవాలె, సీసా కంటికి తగలొద్దు, అంతే. నేను పోయేలోపల నేర్పిస్త."

"నాకు ఆఫీసు లేదా? నాతోని అయ్యే పనేనా గది?"

"నా కండ్లు నా కొడుకు చూస్తే ఏమైతది?" అంది సారలమ్మ, పళ్ళెం లోంచి తలెత్తకుండా.

దేవేందర్‌కు కోపం వచ్చింది, అది ఎవరి మీద చూపాలో తెలియలేదు. తల్లి ముందు, ఆ బూట్ల ముందు రెండు ముద్దలు కలిపి తిన్నాడు. తర్వాత ఆఫీసులో ఎవరికో సెలవు మంజూరు చేస్తున్నట్టు అడిగాడు.

"సరే. ఎప్పుడొస్తవ్ మరి?"

"కోర్సు ఇరవై నాలుగున అయిపోతది," అంది నవత.

"అంటే ఇరవై ఐదుకు ఇంట్ల ఉంటవ్. పప్పు ఇటియ్యి."

నవత పప్పు గిన్నె అతని వైపు జరిపి, తన పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. అతను వేసుకుని తినడం మొదలుపెట్టాడు. అడిగినదానికి జవాబు రాలేదన్న సంగతి అతనికి తట్టలేదు. సారలమ్మ చేతిలో ముద్ద మాత్రం నోటిదాకా వెళ్ళకుండా ఆగింది. ఆమె మసక కళ్ళు కోడలి వైపు తిరిగాయి. నవత ఆ చూపు తప్పించుకోలేదు.